రెండు వందల పదిహేనో డిజైను

“పెన్‌డ్రైవ్ లోపలికి రాదు.”

గేటు దగ్గర సరసమ్మ చేయి చాపింది.

“పనంతా దాంట్లోనే ఉండాదమ్మా. రెండు దినాలు ఇంట్లో కూర్చొని చేసుకొని వచ్చినా,” అన్నాడు ఆ పెద్దాయన.

“ఓనర్ రూలు.”

ఆయన పెన్‌డ్రైవ్, ఫోను తీసి ఇచ్చాడు. గేటు పుస్తకంలో వివరాలు రాశాడు. సంచిలో ఇక మిగిలింది అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు. దాని గురించి రూలేమీ లేదు కాబట్టి సరసమ్మ వదిలింది.

తిరుత్తణి దగ్గర ఆ చీరల షెడ్డులో ఇరవై ఆరు మగ్గాలు తొమ్మిది రోజులుగా ఆగి ఉన్నాయి. డిజైన్లన్నీ పాత సర్వర్‌లో ఉన్నాయి. దానితో మాట్లాడే ఒకే ఒక కంప్యూటర్ కాలిపోయింది. చెన్నై నుంచి వచ్చిన ఇంజనీర్లు చూసి, ఒక దండం పెట్టి వెళ్లిపోయారు. సర్వర్ డిస్కేమో కరకరమంటోంది. ఆపితే మళ్లీ తిరగదని అందరికీ భయం.

సోమవారానికి మగ్గాలు కదలకపోతే ఈ పని మానేసి తిరువళ్లూరు కంపెనీలో పనికి బస్సెక్కుతామని నేతగాళ్లు చెప్పేశారు.

డిజైన్ రూమ్‌లో పనిచేసే నివేద, పాత కంప్యూటర్ల వాట్సాప్ గ్రూపులో అడిగింది. ఈయన వస్తానన్నాడు. కూలి వద్దన్నాడు.

ఓనర్ జయకుమార్‌కు అదే నచ్చలేదు.

“ఊరికే యెవుడొస్తాడు? డిజైన్లు కొట్టుకొని పోయేదానికి కాకపోతే!”

ఆ షెడ్డులో దొంగతనానికి ఒక పేరుంది. మునుస్వామి పని. జయకుమార్ నాన్న కాలంలో డిజైన్లు గీసిన మునుస్వామి, అన్నింటిలోకీ మంచిదైన ‘వల్లి అంచు’ను ఎత్తుకుపోయాడట. అప్పటికి జయకుమార్‌కు ఏడేళ్లు. మనిషి గుర్తులేడు, నాన్న తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి. ఈ సోదాలూ, గేటు పుస్తకమూ అప్పటినుంచే. నేటికీ దారపు ఉండ పోతే “ఎవడ్రా మునుస్వామి?” అనే అడుగుతారు.

పెద్దాయన బోర్డుకు తీగలు తగిలించాడు.

“ఎంతసేపు?” అన్నాడు జయకుమార్.

“కర్నెల్ మళ్లీ కట్టాల సార్. ఈ బోర్డును నడిపే అసలు ప్రోగ్రాం అది. మీ సర్వర్ మాట్లాడే పాత నెట్‌వర్క్ భాషను కొత్తవాటిలో తీసేసినారు. అది చేర్చి కట్టాల. ఈ చిన్నదాంట్లో ఐదు గంటలు పడతాది.”

“ఐదు గంటలా?”

“పెన్‌డ్రైవ్ ఇచ్చింటే ఐదు నిమిషాలు.”

“రూలు రూలే.”

జయకుమార్ కుర్చీ లాక్కుని ఆయన వెనకే కూర్చున్నాడు. టీ ఒక్కటే వచ్చింది, ఓనరుకు. నివేద తన బాటిల్‌లో నీళ్లు ఆయన ముందు పెట్టింది.

“ఏం నివేదా, చుట్టమా?”

ఆ పిల్ల పక్కకు జరిగింది. పెద్దాయన నీళ్లు తాగలేదు.

ఒంటిగంటకు తెర మీద తప్పొకటి చూపించి పని ఆగిపోయింది. ఆయన ఒక వరుస దిద్ది మళ్లీ మొదలుపెట్టాడు. డిస్కు చప్పుడు పెరిగింది.

“అది పోయిందనుకో, నిన్ను ఈడనే కట్టేస్తా!”

“పోదు సార్. ఇది మొండిది,” అంటూ ఆయన సర్వర్ పెట్టెను మెల్లగా తట్టాడు.

నాలుగున్నరకు తెర మీద సర్వర్ పేరు కనబడింది. నివేద చప్పట్లు కొట్టబోయి, ఓనర్ మొహం చూసి ఆగింది.

సర్వర్ పాస్‌వర్డ్ అడిగింది.

“అయ్యో! కాలిపోయిన కంప్యూటర్ తానే వేసుకుంటా ఉండె. మాకెవరికీ తెలీదు,” అంది నివేద.

పెద్దాయన ఎవరినీ అడక్కుండా టైపు చేశాడు. సర్వర్ తెరుచుకుంది.

జయకుమార్ దిగ్గున లేచాడు.

“నీకెట్ల తెలుసు?”

ఆయన టైపు చేస్తూనే ఉన్నాడు.

“చూసినావా నివేదా? అన్నీ తెలుసుకొనే వచ్చినాడు. అచ్చం మునుస్వామి పని!”

కీబోర్డు మీద ఆయన చేతులు ఆగాయి. తరువాత డిజైన్లన్నీ షెడ్డు కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేలా పెట్టి లేచాడు.

“బోర్డు ఈడనే ఉండనీమ్మా. తీస్తే కాపీ ఆగిపోతాది.”

“బయటికి పో!”

కాలర్ పట్టుకోవడం ఒక్కటే తక్కువ. గేటులో సరసమ్మ సంచి దులిపింది, జేబులు తిప్పింది, చెప్పులు కూడా విప్పించింది. ఆయన గేటు పుస్తకంలో చివరి గడి నింపి, తన పెన్‌డ్రైవ్, ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆరు గంటలకు కాపీ పూర్తయింది. ఆ తరువాత పది నిమిషాలకు డిస్కు చప్పుడు ఆగిపోయింది, మళ్లీ రాలేదు.

“అన్నా, మన డిజైన్ల లిస్టులో రెండు వందల పద్నాలుగు. వచ్చింది రెండు వందల పదిహేను,” అంది నివేద.

“ఎక్కువ ఎట్ల వస్తాది?”

“మనమెప్పుడూ తెరవని ఫోల్డర్‌లో ఒకటి ఉండాది.”

నివేద తెరిచింది. కొండ మెట్లు, మెట్టుకొక నెమలి. పైన పేరు, వల్లి అంచు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి తేదీ. ఎవరూ ఎత్తుకుపోలేదు.

జయకుమార్ తెర మీదికి వంగాడు.

“ఆయన... పేరేంది?”

“గ్రూపులో నంబరే ఉండాది. మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.”

ఇద్దరూ గేటుకు పరుగెత్తారు.

“పుస్తకంలో రాసినాడయ్యా. తెలుగులో రాసిపెట్టినాడు,” అంది సరసమ్మ.

ముగ్గురూ పుట్టినప్పటి నుంచి మాట్లాడేది తెలుగే. బడిలో చదివింది తమిళం. పొద్దున్నుంచీ ఆ పేరు గేటులోనే ఉంది, చదివే దిక్కు లేక.

పుస్తకం తీసుకుని, మగ్గాలకు పడుగులు పోసే, తెలుగు చదవడం వచ్చిన ముసలి చౌడప్ప దగ్గరకు వెళ్లారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి చదివాడు.

“ఊరు, కే.జీ.కండిగై.”

“పేరు చెప్పు మామా!”

చౌడప్ప తలెత్తి జయకుమార్‌ను చూశాడు. మళ్లీ పుస్తకంలోకి చూసి, గొంతు తగ్గించి చదివాడు.

“పేరు, మునుస్వామి. తీసుకొని పోయేవి, ఏమీ లేవు.”