మందు పోసిన పసుపు చేను

పసుపు దుంపను తొలిచే పురుగు చావాలని కొన్నేళ్లుగా భూమిలోకి మందు ఎక్కిస్తున్న ఇద్దరు జీతగాళ్లకూ కడుపులో క్యాన్సర్ గడ్డలు లేచాయి. ఒకడు పోయాడు.

"వాళ్ల నసీబు. మందుకేం సంబంధం?" అన్నాడు ఆ చేను ఆసామి భూపాల్‌రావు.

"మన్ను పరీక్షకు పంపుండ్రి. నసీబో మందో అదే జెప్తది," అంది భార్య నిర్మలాదేవి.

ఆయన కదల్లేదు. దీపాలు పెట్టాక ఆమే సీసా, టార్చి పట్టుకుని బయలుదేరింది.

పక్క వరిమడిలో కప్పలు హోరెత్తిస్తున్నాయి. గట్టు దాటి తమ చేనులో దిగితే ఒక్క కీచురాయి కూడా లేదు. టార్చి వెలుగుకు పురుగైనా రాలేదు. వంగి మన్ను తవ్వుతుంటే, పంటి కింద ఇసుక నలుగుతున్న చప్పుడు వినిపించింది.

టార్చి తిప్పింది. పనికి వచ్చే బాలలక్ష్మి, నిండు కడుపుతో, సాళ్ల మధ్య కూర్చుని ఉంది.

"ఏం తింటున్నవే?"

"మన్నే, దొరసానీ. కడుపుతోనున్నోళ్లకు మనసైతది గదా. మీ చేను మన్ను తియ్యటి వాసనొస్తది. పగలైతె దొర తిడ్తడని మా వాడకట్టోళ్లం చీకటి పడ్డంక వస్తం."

"ఉమ్మెయ్యి."

బాలలక్ష్మి ఉమ్మేసి, నోరు తుడుచుకుంది. చీకట్లో అవతలి సాళ్ల నుంచి నమిలే చప్పుడు మాత్రం ఆగలేదు.

నిర్మలాదేవి సీసా మూత బిగించి, ఆ చప్పుడు వైపే నడిచింది.