మీకంటే ముందు ఎవరూ లేరు

వెంకటరమణని పాము కరిచేసరికి పొద్దున్న ఎనిమిదయింది.

గోదారి పెరట్లోకి వచ్చి అప్పటికి రెండు రోజులు. మొగుడూ పెళ్లాం డాబా మీద టార్పాలిన్ కట్టుకుని ఉన్నారు. తడి లేని చోటు వెతుక్కుంటూ పామూ అక్కడికే చేరింది. బియ్యం బస్తా పక్కకి జరపబోతే మడమ మీద కాటేసి, పిట్టగోడ దాటి నీళ్లలోకి జారిపోయింది.

నిర్మల చుట్టూ చూసింది. గోదారి మధ్య ఆ లంకలో ఉన్న నలభై ఇళ్లలో ముప్పయ్యయిదు మొన్ననే ఖాళీ చేసేరు. ఏటా వచ్చే వరదేగా అని ఉండిపోయిన అయిదు ఇళ్లలో తమదొకటి. కేకేస్తే వినపడే దూరంలో ఎవరూ లేరు.

ఫోను తీసి అమలాపురంలో చెల్లెలికి చేసింది. వెళ్లలేదు. ఊరవతల కొత్త టవరు నుంచి అమలాపురం వెళ్లే వైరు నిన్న రోడ్డుతో పాటే కొట్టుకుపోయింది. అయినా ఆ టవరు పరిధిలో ఉన్న ఫోన్లు వాటిలో అవి మాట్లాడుకుంటాయి. ఆపదలో చేయమని ఇచ్చిన నెంబరుకి జవాబు చెప్పే యంత్రం కూడా ఎక్కడో హైదరాబాదులో లేదు. ఆ టవరు కిందే, షెడ్డులో, ఒక పెట్టెలో ఉంది. పట్నంతో సంబంధం తెగినా ఊరిని అదే చూసుకుంటుందని, అది పలక్కపోతే ఫోను షెడ్డు చూసే మనిషికి పోతుందని బిగించినవాళ్లు చెప్పేరు.

ఆ పెట్టెతో నిర్మలకి ఒకటే పేచీ. ఏమడిగినా ఆవిడ “ఆయ్” అంటుంది. ఆయ్ అంటే అవునని దానికి తెలీదు. “క్షమించండి, అర్థం కాలేదు” అని మళ్లీ మొదటికొస్తుంది.

“కాపురానికి మనూరొచ్చింది గానీ దాని పుట్టిల్లు ఎక్కడోనే,” అని వెంకటరమణ నవ్వేవాడు.

కొన్నాళ్లు ఇక్కడి మాటలు వింటే అదే నేర్చుకుంటుందన్నారు బిగించినవాళ్లు.

నిర్మల నెంబరు నొక్కింది. చాలాసేపు మోగింది.

“సహాయ కేంద్రం. సమస్య చెప్పండి.”

అదే ఆడగొంతు. విడివిడిగా, పొడిపొడిగా.

“మా ఆయన్ని పాము కరిచిందండీ. డాబా మీదున్నామండీ. రామాలయం వెనక పసుపు రంగు డాబా.”

“మనిషి మెలకువగా ఉన్నారా?”

“ఆయ్.”

అనేసి నాలిక కరుచుకుంది.

“కాలు కదపనివ్వకండి. గుడ్డతో బిగించి కట్టారా?”

నిర్మల ఒక్క క్షణం తెల్లబోయింది. పెట్టె ఆ మాట నేర్చేసుకుంది.

“ఆయ్. కొంగు చింపి కట్టేనండి.”

“విప్పేయండి. కోయకండి. నోటితో పీల్చకండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కనురెప్పలు వాలిపోతున్నాయా?”

చూసింది. కుడి రెప్ప సగం దిగిపోయి ఉంది.

“ఆయ్,” అంది. ఆ మాట సగమే పైకొచ్చింది.

అవతల నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. కాసేపటికి గొంతు వచ్చింది.

“పడవ ఒకటే ఉంది. మీ దగ్గరకి పంపుతున్నాను. గట్టు మీద బళ్లో డాక్టర్లున్నారు. మందు ఉంది.”

అంత కంగారులోనూ నిర్మలకి అడక్కుండా ఉండబుద్ధి కాలేదు. “మాకంటే ముందు ఎవరైనా అడిగేరాండీ?”

అవతల నీళ్ల హోరు పెరిగింది.

“ఎవరూ లేరు. మీరే ముందు.”

పావుగంట గడిచింది. పడవ జాడ లేదు. వెంకటరమణ తల ఆవిడ ఒళ్లో ఉంది.

“నిర్మలా, ఇద్దరు కనపడతన్నావే,” అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. “ఒక్కదాంతోనే వేగలేకపోయేను.”

“ఊరుకోండి,” అని ఆవిడ మళ్లీ నెంబరు నొక్కింది. “ఇంకా రాలేదండీ. ఆయన మాట పడిపోతోందండీ.”

“పడవ కొబ్బరితోట దాటింది. ఊపిరి చూస్తూ ఉండండి.”

“దాటింది, దాటింది అంటావు. ఏదీ?” మర్యాద మర్చిపోయింది నిర్మల. జీవితంలో ఎవరితోనూ అలా మాట్లాడి ఎరగదు. “నీకేం, ఇనప పెట్టెవి. నీ పీకల మీదికి నీళ్లొస్తే తెలిసేది.”

“నిజమే,” అంది గొంతు. “ఫోను పెట్టేయకండి. ఇంజను చప్పుడు వినపడేదాకా లైన్లో ఉంటాను.”

ఉంది. ఊపిరి తీస్తున్నారా అని అడిగింది, ఆవిడ ఆయ్ అంది. మళ్లీ అడిగింది, మళ్లీ ఆయ్ అంది. అలా ఎన్నిసార్లో. చివరికి టపటపమని ఇంజను చప్పుడు వినపడింది.

రేవులో పడవ నడిపే దానియేలు ఒక్కడే వచ్చేడు. వెంకటరమణని దుప్పట్లో చుట్టి, పిట్టగోడ మీంచి చంటిపిల్లాణ్ణి దింపినట్టు పడవలోకి దింపేడు. దారిలో చెట్టు కొమ్మలు మొహానికి కొట్టుకుంటున్నా వేగం తగ్గించలేదు.

గట్టు మీద బళ్లో డాక్టరు రెప్పలు ఎత్తి చూసేడు. సూది పడింది. మందు సీసా వేలాడదీసేరు. ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదమ్మా అన్నాడు. నిర్మల గోడకి జారబడింది. అప్పుడు ఏడుపొచ్చింది.

అంతలో పడవ గుర్తొచ్చి గట్టు దాకా పరుగెత్తింది. దానియేలు అప్పుడే తాడు విప్పుతున్నాడు. ఇటు చూడటం లేదు.

“ఒక్క నిమిషం ఆగండి దానియేలుగారూ, టీ అయినా తాగి వెళ్దురుగాని,” అంది రొప్పుతూ. “ఈ వరద తీసేక ఆ పెట్టె దగ్గరకెళ్లి దండం పెట్టుకుంటానండి. నోటికొచ్చినట్టు తిట్టేను దాన్ని.”

“పెట్టె ఈ తెల్లారుజామునే మునిగిపోయిందండీ,” అన్నాడు దానియేలు పడవని నీళ్లలోకి తోస్తూ, “దాని గొంతుతో మీకు జవాబు చెప్పింది, ఇప్పటికీ టవరు నిచ్చెన పట్టుకుని వేలాడుతున్న, షెడ్డు చూసే మా ఆవిడండి, మనిషని తెలిస్తే ‘ముందు ఆవిణ్ణి తెచ్చుకోండి’ అంటారని చెప్పొద్దంది.”