సుద్దముక్క గుర్తు

ముసలాయన కర్రతో వరండా స్లాబును తట్టాడు. చెవి రిక్కించి విన్నాడు. జరిగి మళ్లీ తట్టాడు.

పలకరింపు లేకుండా పరాయి మనిషి వరండాలోకొచ్చి పైకప్పు తడుతుంటే ఏ ఇల్లాలికి ఒళ్లు మండదు? రాహేలు చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

ఎవరు మీరంటే ఆయనకు దగ్గు తెర అడ్డం పడింది. దగ్గుతూనే అయిదేళ్ల ఫెబా వైపు చూశాడు.

"పాప ఏడ పండుకుంటది బిడ్డా?"

రాహేలు ఒక్క అంగలో పాప దగ్గరికొచ్చింది. పాపను వెనక్కి లాక్కుని, ఆయన్ని బయటికి నడవమంది. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద ఇంటూ గుర్తు గీశాడు. ఇంకేదో చెప్పబోయాడు గానీ దగ్గు సాగనివ్వలేదు. ఆమె కూడా ఆగలేదు. ఆయన్ని దాటించి గ్రిల్లు వేసేసింది.

గ్రిల్లు సందులోంచే ఆయన ముఖాన్ని ఫొటో తీసి, గని క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరో ఏమో, గోడకు గుర్తు పెట్టిపోతున్నాడని రాసింది.

మొగుడు యేసుకుమార్‌ను అడుగుదామంటే బొగ్గుగనిలో మొదటి షిఫ్టులో ఉన్నాడు. గనిలోకి ఫోన్ తీసుకుపోరు.

పది గంటలకల్లా ఆ ముఖమే వీడియోగా తిరిగొచ్చింది. గుర్తు పెట్టిన ఇళ్లలో పిల్లల్ని ఎత్తుకుపోతామని గడగడా చెప్పింది. ఇప్పటికి ఇంతమంది దొరికారంటూ కుడిచెయ్యెత్తి అయిదు వేళ్లు చూపించింది.

చూసినవాళ్లంతా ఇంకో పదిమందికి పంపారు. రాహేలు కూడా పంపింది.

ముసలాయన ఇంకా ఆ క్వార్టర్ల లైను చివరే ఉన్నాడు పాపం. పక్కింటి సంపత్ వెళ్లి చొక్కా పట్టుకున్నాడు. జేబులో క్వార్టర్ నంబర్లు రాసిన కాగితం దొరికింది. ఇంకేం కావాలి? కర్ర విరిచారు. పెదవి పగిలేలా కొట్టారు. అందరి ముందూ రాహేలు తడిగుడ్డ తెచ్చి గోడ మీది గుర్తు తుడిచింది.

"తుడవకు బిడ్డా," అన్నాడాయన. ఆ ఒక్క మాటే అన్నాడు.

మళ్లీ కనబడితే బాగుండదని చెప్పి ఆటో ఎక్కించారు.

ఆయన పోయాడు గానీ భయం పోలేదు. ముఠా అంటే ఒక్కడే ఉంటాడా? రాహేలు పాపను బడికి పంపలేదు. గ్రిల్లుకు తాళం వేసి, వంటింట్లోంచి కనబడేలా వరండాలోనే చాప పరిచి కూర్చోబెట్టింది. వీధిలో ఆటో ఆగితే చాలు, పరుగున వచ్చి చూసేది. ఆడి ఆడి పాప ఆ చాప మీదే నిద్రపోయింది.

మూడున్నరకు యేసుకుమార్ వచ్చాడు. తడి ఆరిన గోడ మీద సుద్దగీతలు మళ్లీ తెల్లగా తేలాయి. అతను గ్రిల్లు బయటే ఆగిపోయాడు.

"ఈ ఇంటూ ఎవరు పెట్టిండ్రు?"

రాహేలు చెప్పబోయింది.

"తర్వాత చెప్పు. తాళం తియ్యి, జల్ది."

ఆమె పరుగున వెళ్లి తాళం తీసింది. తలుపు తెరుచుకోగానే యేసుకుమార్ ఒక్క ఊపున పాపను ఎత్తుకుని, ఆమెనూ వీధిలోకి లాగాడు. గనిలో షిఫ్టుకు ముందు, కార్మికుల భద్రత చూసే సర్దార్ పైకప్పు తట్టి చూస్తాడట. డొల్లగా మోగితే అక్కడ ఇంటూ గీస్తాడట. దాని కిందికి ఎవరూ పోరట.

"ఆ గుర్తు చూసుకొనే మేము బతికి ఇంటికొస్తున్నం," అన్నాడు.

చీకటి పడకముందే స్లాబు పెళ్లలు పెళ్లలుగా ఊడి చాప మీద పడింది.

రాహేలు ఏడుస్తూ ఫోన్ తెరిచి వీడియో చూపించింది. యేసుకుమార్ రెండుసార్లు చూశాడు.

"ముఖం మా గనిల పనిచేసిన పోశం సర్దార్‌దే. ఈ అయిదు వేళ్లెక్కడివి? ఆయన కుడిచేతి రెండు వేళ్లు గనిలనే పాయె."

పొద్దున సుద్దముక్క పట్టిన చెయ్యి రాహేలు కళ్ల ముందు కదిలింది. బొటనవేలు, ఇంకో రెండు. ఆమె తీసిన ఫొటోలో ముఖమే పడింది, చెయ్యి పడలేదు; మిగతాదంతా ఎవరో కంప్యూటర్లో కల్పించారు. ఆ గడగడా మాటల్లో దగ్గు కూడా లేదు.

ఆయన్ని ఎక్కడ వెతకాలని అడిగింది. యేసుకుమార్ పాపను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు.

"పోయిన వానకాలం గిట్లనే స్లాబు కూలి, పండుకున్న ఆయన మనవరాలు పోయింది. అప్పటిసంది కర్ర పట్టుకొని పాత క్వార్టర్లన్నీ తిరుగుతుండు."