సీమవంకాయలో ఏముంది

చెరకు కోతల ఎండకి నా కిడ్నీలు పోయాక, పెరట్లో నేనే నాటిన అరటి నాకు చూడ్డానికే మిగిలింది. ఎటూ కదల్లేక గుడ్డ ఉయ్యాలలో పడి, గెల పండుతుంటే చూస్తుంటాను.

"ఒక్క పండివ్వవే, ఒర్ఫిలియా" అంటే చాలు, నా పెళ్ళాం డాక్టరమ్మ అయిపోతుంది.

"అరటిపండు నిండా పొటాషియమేనయ్యా. నీ గుండె ఆగిపోతుంది. సీమవంకాయలో అది తక్కువ. నోరు మూసుకుని తిను."

"దాన్లో రుచి కూడా తక్కువే. ఉత్త వేణ్ణీళ్ళు నయం."

ఇవాళ లియోన్ పట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి, నా పెళ్ళాం ఒక్కదాంతోనే మాట్లాడాడు. తిరిగి వస్తుంటే బస్సులో ఒర్ఫిలియా దారంతా కిటికీలోంచే చూసింది. ఇంటికి రాగానే పెరట్లోకి వెళ్ళి, మచ్చలు తేలిన పండొకటి తెంపుకొచ్చి, తొక్క వలిచి నా చేతిలో పెట్టింది.

"తిను, హెర్మినియో. పండులోనే బలమంతా. సీమవంకాయలో ఏముంది, నీళ్ళు తప్ప!"

పండు కమ్మటి వాసనేస్తోంది. నేను తన మొహంలోకి చూశాను. తను చూపు తిప్పుకుంది.

పండు తిరిగి తన చేతిలోనే పెట్టేశాను.

"నాకొద్దే. సీమవంకాయ ఉడకెయ్యి. ఉప్పు కూడా వెయ్యకు."