ఆరబెట్టే చట్రం

స్వెట్టర్‌ను లోపలివైపుకు తిప్పి చూసి ఓస్లా అత్త మళ్లీ పెదవి విరిచింది.

"వెనక దారాలు బిగిశాయి. విప్పు."

నాకు ఒళ్లు మండింది. పగలంతా ఫ్యాక్టరీలో సాల్మన్ చేపల పేగులు తీసి, ఆ కంపుచేతులతోనే సాయంత్రం పక్కింట్లో ఈమె దగ్గర అల్లిక నేర్చుకుంటున్నాను. మా షెట్లాండ్ దీవుల తీరంలో బండల మీద పచ్చగా పూసే రాతిపువ్వునే బూడిదరంగు ఉన్నిలో డిజైనుగా పెట్టాను. అల్లినప్పుడల్లా ఏదో వంక పెట్టి విప్పించింది.

"ఈసారి విప్పను. చట్రం ఇవ్వు, తడిపి ఆరబెట్టుకుంటా."

స్వెట్టర్ చెక్క చట్రానికి ఎక్కిందంటే ఇక పని ముగిసినట్టే.

"చట్రం విరిగిందే."

"నీ నోరు తప్ప ఈ ఇంట్లో ఏదీ గట్టిది లేదా అత్తా?"

"అది గట్టిది కాబట్టే బతికున్నా. టీ చల్లారుతోంది, తాగు."

తాగలేదు. వెళ్లి తలుపు వెనక చూశాను. చట్రం నిక్షేపంగా ఉంది. తెచ్చి ఆమె ముందు నిలబెట్టాను.

ఆమె దాని వంక చూడలేదు. స్వెట్టర్‌ను ఒళ్లోంచి వదల్లేదు.

"అయితే రేపు రావన్నమాట," అంది.

నా గదిలో నాకోసం ఎదురుచూసేవి తడి బూట్లే. స్వెట్టర్ లాక్కుని, దాని చేతి అంచున దారం కొస పట్టి గుంజాను. రాతిపువ్వు వరసలు వరసలుగా ఊడిపోయింది.

"ఏం చేస్తున్నావే పిచ్చిదానా! అది బాగానే ఉంది కదే!"

"బిగిసింది అత్తా," అన్నాను. "రేపొచ్చి మళ్లీ అల్లుతా."