మణికట్టు దాకా

"రేపటి నుంచి రావద్దు" అన్నాడు బేకరీ యజమాని, ఆమె చేతుల వైపు చూడకుండా.

కేకుల మీద క్రీముతో పూలు వేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే అందరికీ ఆమె క్రీమక్క. ఆ పొద్దున పువ్వు వేస్తుంటే గ్లౌజు కాస్త జారింది. మణికట్టు మీది తెల్లమచ్చ చూసి, ఒకావిడ తన కేకు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

క్రీమక్క బతిమాలింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చేతుల మీదే.

"మచ్చలు కనిపించనంతకాలం నిన్నేమైనా అన్నానా? ఇప్పుడు గ్లౌజులు కూడా దాచలేకపోతే నేనేం చేయను?"

ఆమె ఏడుస్తూ చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది. వేళ్ల నుంచి మణికట్టు దాకా తెలుపు. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయింది. ఎలా మొదలైందని అడిగింది. మొదట వేలి మీద ఓవెన్ తగిలి కాలిన చిన్న మచ్చ ఒక్కటే ఉండేదని, అది నలుగురి కంటా పడకూడదని యజమాని రబ్బరు గ్లౌజులు ఇచ్చాడని, మిగతావన్నీ ఆ తర్వాతే వచ్చాయని క్రీమక్క చెప్పింది. ఏ పాపం చేశానో అని తల బాదుకుంది.

"పాపం నీది కాదమ్మా, ఆ గ్లౌజులది. వాటి రబ్బరులో కలిపే మందు కొందరి ఒంటికి పడదు. ఎంతమేర తగిలితే అంతమేర రంగు పోతుంది. ఇది ఎవరికీ అంటుకోదు. ముందు అవి తీసి పారెయ్. పూతమందు రాసిస్తాను, రంగు మెల్లగా తిరిగి రావచ్చు."

చాలాకాలం తర్వాత ఆమె వట్టి చేతులతో వీధిలో నడిచింది. గాలి తగులుతుంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది. బేకరీకి వెళ్లి డాక్టరమ్మ చెప్పిందంతా యజమానికి చెప్పింది.

అతను ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడేం కాదు.

"నాకు చెప్పావు, నమ్మాను. వచ్చేపోయేవాళ్లందరికీ ఎవరు చెప్తారు?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడవకు. నీ పొట్ట కొట్టి నేనేం బావుకుంటాను? నువ్వు వెళ్లాక మనసొప్పక బజారంతా తిరిగాను. ఇదిగో, ఇక నీ పనికి ఢోకా లేదు" అంటూ ఒక పొట్లం ముందుకు తోశాడు.

క్రీమక్క విప్పి చూసింది. అవే రబ్బరు గ్లౌజులు, ఈసారి మోచేతుల దాకా వచ్చేవి.