కుందుర్పిలో నలభై మిల్లీమీటర్లు

"వాన సున్నా అని కొడితే కంప్యూటర్లో ఒక్కో మండలానికి ఒక్కో తీరుగా సేవ్ అయితాండాది. బగ్గు యాడుండాదో చూడమ్మా" అన్నాడు పంటల బీమా కంపెనీ మేనేజరు ఈశ్వరప్ప.

ప్రోగ్రామర్ సువర్ణ ఆ ప్రోగ్రాము తెరిచి, మధ్యాహ్నానికల్లా పట్టేసింది. కుందుర్పి మండలానికి సున్నా కొడితే ఫైల్లోకి నలభై మిల్లీమీటర్లు ఎక్కించే లైను ఎవడో ఇరికించాడు. వాన పడ్డట్టుంటే రైతుకు బీమా రాదు. అదే కుందుర్పిలో ఆమె నాయన వేసిన వేరుశనగ పూత మీదే మాడిపోయింది.

"వీని నోట్లో మన్ను బడ!" అనుకుంటూ ఆ లైను కొట్టేసి, ఈశ్వరప్పను పిలిచి చూపించింది.

ఆయన మొహం చిట్లించాడు.

"దాన్నెందుకు కొట్టేసినావు? అది బాగానే పనిచేస్తాండాది. బగ్గు రాప్తాడు మండలానిది. ఆడ సున్నా కొడితే సున్నానే పడతాండాది."